ఘనమా, ద్రవమా?

మా ఏడో తరగతి పిల్లలకు ఘన, ద్రవ, వాయు పదార్థాల నిర్వచనాలు కంఠతా వచ్చు. అందుకే నిన్న పుస్తకాలు మూయించి స్లైమ్ అనే సాగే జిగట ముద్ద చేయించాను.

తెల్ల ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి, విడిగా కరిగించిన వెలిగారం (బోరాక్స్) నీళ్లు కొద్దికొద్దిగా పోశాం. పుల్లతో తిప్పుతుండగానే ముద్ద కట్టింది. జిగురులోని పాలిమర్లకు, అంటే పొడవాటి అణువుల గొలుసులకు, వెలిగారం నుంచి వచ్చే బోరేట్ అయాన్లు అక్కడక్కడా ముడివేస్తాయి, నీళ్లు ఆ వలలో చిక్కుకుంటాయి. ఆ ముడులు శాశ్వతం కావు, విడిపోతూ మళ్లీ పడుతుంటాయి. అందుకే మెల్లగా లాగితే సాగుతుంది, విసురుగా లాగితే పుటుక్కున తెగుతుంది.

"గిన్నెలో వదిలేస్తే గిన్నె ఆకారమే వస్తోంది టీచర్, ద్రవమే!" అంది వెనక బెంచీ అమ్మాయి. "ఉండ చేస్తే నిలబడిందిగా" అన్నాడు పక్కవాడు. గంట కొట్టినా వాదన ఆగలేదు. ఇలాంటి పీరియడ్ కోసమే నేను టీచర్‌నయ్యాను.

చివర్లో అందరి చేతులూ సబ్బుతో కడిగించాను. వెలిగారం నోట్లోకి పోకూడదు. చిన్న తరగతులకు అసలు వద్దు. వాళ్లకైతే రెండు వంతుల కార్న్‌ఫ్లోర్‌కు ఒక వంతు నీళ్లు చాలు: గుద్దితే గట్టిపడుతుంది, వేలు మెల్లగా పెడితే మునుగుతుంది. వచ్చే వారం ఆరో తరగతితో అదే చేయిస్తాను.