పుల్ రిక్వెస్ట్‌లో బిల్డే కామెంట్ పెట్టేలా చేశాం: నా అనుభవం

తెలుగు పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని ఇద్దరు స్నేహితులతో కలిసి చూసుకుంటున్నాను. కోడ్ గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లో ఉంది. మార్పులు పంపేవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగ్ విద్యార్థులే. పుల్ రిక్వెస్ట్ (తమ మార్పును కలుపుకోమనే అభ్యర్థన) పెడతారు, దానంతటదే నడిచే బిల్డ్‌లో టెస్ట్ ఫెయిలై ఎర్ర గుర్తు పడుతుంది, ఇక అక్కడే ఆగిపోతారు. "అన్నా, ఏం ఫెయిలయిందో ఎక్కడ చూడాలి?" అని అడుగుతారు. వాళ్లను అనడానికి లేదు. లాగ్ (బిల్డ్ నడిచిన వివరాల చిట్టా) తెరిస్తే ముందంతా ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయిన వరసలే, అసలు సంగతి ఎక్కడో అడుగున ఉంటుంది. ఫోన్‌లో చూసేవాళ్లకైతే మరీ కష్టం. ఏ టెస్ట్ ఎందుకు పోయిందో ఆ పుల్ రిక్వెస్ట్ కిందే కామెంట్‌గా కనిపించాలని ఈ పని మొదలుపెట్టాను.

మొదటి భాగం తేలిగ్గానే అయింది. గిట్‌హబ్‌లో ప్రతి పుల్ రిక్వెస్టూ ఒక ఇష్యూ (సమస్యలు చర్చించే పేజీ) కూడా. అందుకే మామూలు కామెంట్ పెట్టడానికి ఇష్యూ కామెంట్ల ఏపీఐని (ప్రోగ్రామ్ నుంచి గిట్‌హబ్‌తో మాట్లాడే దారి) పిలవాలి. పుల్ రిక్వెస్ట్ కామెంట్ల ఏపీఐ అని ఇంకొకటి ఉంది గానీ, అది కోడ్‌లో ఫలానా లైన్ మీద రాయడానికి. టెస్టుల్లాంటి పనులను నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ప్రతి జాబ్‌కీ ఒక టోకెన్ (తాత్కాలిక తాళంచెవి లాంటిది) దానంతటదే వస్తుంది. 2023 నుంచి కొత్తగా తెరిచే వ్యక్తిగత రిపోల్లో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోట్లు) ఆ టోకెన్‌కు మామూలుగా చదివే హక్కే ఉంటుంది కాబట్టి, రాసే హక్కు కూడా కావాలని వర్క్‌ఫ్లో ఫైల్లో (ఏ పని ఎప్పుడు నడవాలో రాసేది) పర్మిషన్స్ కింద అడగాలి. అడిగాను, నా బ్రాంచ్ (అదే రిపోలో వేరుగా పెట్టుకున్న కోడ్ పాయ) మీద కామెంట్ వచ్చేసింది.

విద్యార్థులు మాత్రం మా రిపోలో బ్రాంచ్ తెరవరు, ఫోర్క్ చేసుకుని (తమ ఖాతాలోకి నకలు తీసుకుని) అక్కడి నుంచి పంపుతారు. ఆ పుల్ రిక్వెస్ట్‌లకు అనుమతి లేదనే 403 ఎర్రర్ వచ్చింది. మనం ఫైల్లో ఏం రాసుకున్నా, ఫోర్క్ నుంచి వచ్చినదానికి టోకెన్ చదవడానికే పనికొస్తుంది, సీక్రెట్లు (రిపోలో దాచిన పాస్‌వర్డ్‌ల్లాంటివి) అసలు అందవు. ఇలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. టెస్టులు నడపడమంటే ముక్కూమొహం తెలియని మనిషి రాసిన కోడ్‌ను మన బిల్డ్‌లో నడపడమే. దాని చేతికి రాసే హక్కు ఎలా ఇస్తాం?

దీనికి చాలామంది చెప్పే చిట్కా, వర్క్‌ఫ్లోను మొదలుపెట్టే ఈవెంట్‌ను పుల్ రిక్వెస్ట్ టార్గెట్‌గా మార్చేయమని. మారిస్తే కామెంట్ వస్తుంది, నిజమే. అయితే ఆ ఈవెంట్ మన రిపో తరఫున, సీక్రెట్లతో, రాయగల టోకెన్‌తో నడుస్తుంది. అందులోనే బయటి మనిషి కోడ్‌ను చెకౌట్ చేసి (దించుకుని) టెస్టులు నడిపితే ఏ టెస్ట్ ఫైల్లోనో, ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లోనో ఒక్క లైన్ చాలు, టోకెన్ బయటికి పోవడానికి. మనం రివ్యూ చేసి, కోడ్‌ను కలుపుకునే మెర్జ్ నొక్కేదాకా కూడా ఆగక్కర్లేదు. గిట్‌హబ్ సెక్యూరిటీ బృందం 2021లోనే దీన్ని వివరంగా రాసి హెచ్చరించింది. అయినా ఈ చిట్కా చేతులు మారుతూనే ఉంది. దయచేసి దాన్ని వాడకండి.

మేం పనిని రెండు వర్క్‌ఫ్లోలుగా విడగొట్టాం. మొదటిది రాసే హక్కేదీ లేకుండా టెస్టులు నడిపి, ఫలితాన్ని జేసన్ అనే డేటా ఫైలుగా ఆర్టిఫాక్ట్‌లో (పని ముగిశాక మిగిలే ఫైళ్ల మూట) పెడుతుంది. అది ముగిశాక వర్క్‌ఫ్లో రన్ అనే ఈవెంట్‌తో రెండోది మొదలవుతుంది. దీనికి రాసే హక్కు ఉంటుంది, కానీ ఇది బయటి కోడ్‌ను ముట్టుకోదు. ఆ జేసన్‌ను చదివి కామెంట్ పెట్టడం వరకే దీని పని. రెండో వర్క్‌ఫ్లో ఫైలు డిఫాల్ట్ (ప్రధాన) బ్రాంచ్‌లో ఉంటేనే నడుస్తుంది కాబట్టి, ప్రయోగాలన్నీ వేరే ఖాళీ రిపోలో చేసుకున్నాను.

ఏ పుల్ రిక్వెస్ట్ కింద రాయాలన్నది ఇంకో చిక్కు. ఫోర్క్ అయితే ఈవెంట్‌లో ఆ వివరం ఖాళీగా వస్తుంది. చాలామంది నంబర్‌ను కూడా ఆర్టిఫాక్ట్‌లోనే రాసి పంపుతారు. కానీ ఆ ఫైలు తయారయ్యేది నమ్మకూడని జాబ్‌లోనే కదా, అందులో ఎవరి నంబరైనా రాయొచ్చు. అందుకని ఈవెంట్ ఇచ్చే కమిట్ హ్యాష్ (ఆ మార్పు గుర్తింపు సంఖ్య), ఆ నంబరున్న పుల్ రిక్వెస్ట్ చివరి కమిట్ ఒకటైతేనే కామెంట్ పడేలా చేశాను. ఆర్టిఫాక్ట్‌లోని పాఠాన్ని కూడా అలాగే నమ్మం. ఎవరినీ ట్యాగ్ చేయకుండా శుభ్రం చేసి, పొడవు కత్తిరించి పెడతాం.

కొత్త కోడ్ పుష్ చేసిన (పంపిన) ప్రతిసారీ కొత్త కామెంట్ పడితే ఎవరూ చదవరు. కామెంట్ మొదట్లో కనిపించని హెచ్‌టీఎంఎల్ గుర్తు ఒకటి పెట్టి, అది ఉన్న పాత కామెంట్‌నే మారుస్తున్నాం. వెతికేటప్పుడు పేజీకి 30 కామెంట్లే వస్తాయి, అన్ని పేజీలూ తిప్పాలి. లైన్ల మీద రాయడం లింట్ (కోడ్ రాసిన తీరులో లోపాలు పట్టే) హెచ్చరికలకే ఉంచాం. డిఫ్‌లో (ఏ లైన్లు మారాయో చూపేది) లేని లైన్ మీద రాయబోతే 422 ఎర్రర్ వస్తుంది. పైగా ఫెయిలైన టెస్ట్ ఉన్న ఫైలు సాధారణంగా డిఫ్‌లో ఉండనే ఉండదు. ఆ హెచ్చరికలన్నీ ఒకే రివ్యూగా కట్టి పంపితే మెయిల్ కూడా ఒక్కటే వెళ్తుంది.

ఇప్పుడు కామెంట్ ఇలా వస్తుంది: "స్త్రీ: రావాల్సిన అక్షరాలు 1, వచ్చినవి 6." మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం విడివిడిగా లెక్కపడ్డాయని పంపినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఈమధ్య ఒక అమ్మాయి అది చూసుకుని, మమ్మల్ని ఏమీ అడక్కుండానే సరిచేసి మళ్లీ పుష్ చేసింది. ఎంత సంతోషమేసిందో! కవరేజ్ శాతం (కోడ్‌లో ఎంత భాగాన్ని టెస్టులు నడిపాయన్నది) కూడా చేర్చుదామని స్నేహితుడు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. కొత్తవాళ్లకు ఆ అంకెతో పని లేదు, ఫెయిలైన టెస్ట్‌తోనే పని.

మొదటిసారి పంపేవాళ్ల వర్క్‌ఫ్లో మాలో ఒకరు అప్రూవ్ నొక్కితేగానీ కదలదు. అందుకే వంతులు వేసుకున్నాం, ఒకరు ఉదయం చూస్తే ఇంకొకరు రాత్రి చూస్తున్నాం.