ఎక్సెల్ మాక్రోలు పుస్తకం చూసి నేర్చుకున్నా – నా అనుభవం

నిన్న రాత్రే పని అయింది, మర్చిపోకముందే రాసేస్తున్నా. విజయవాడలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తా. సేల్స్ షీటుని షాపుల వారీగా విడగొట్టడానికి ప్రతిసారీ రెండు రోజులు పట్టేది, అందుకే మాక్రోలు, అంటే ఎక్సెల్ పనుల్ని వాటంతట అవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, మొదలుపెట్టా.

రికార్డ్ చేయడం, ఆల్ట్ ఎఫ్11 కొట్టి కోడ్ చూడటం ఒక్క పూటలో వచ్చేశాయి. ఇంత మాత్రానికే ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నాలుగు వేలు తీసుకున్నారు, లూప్ (ఒకే పనిని వరసగా మళ్లీ మళ్లీ చేయించే కోడ్) గురించి అడిగితే అది అడ్వాన్స్‌డ్ కోర్సులో అన్నారు. అక్కడ డబ్బు పోయకండి. ఏలూరు రోడ్డులో కొన్న పాత పుస్తకమే నాకు ఎక్కువ నేర్పింది.

అందులో శాంపిల్ కోడ్ దించుకుని నా షీటుకి తగ్గట్టు మార్చుకున్నా, 50 వరసల మీద చక్కగా ఆడింది. సర్‌ని పిలిచి అసలు షీటు మీద, అంటే 41 వేల వరసల మీద, రన్ కొట్టా. ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో. "ఈపాటికి చేత్తో చేసుంటే సగం అయిపోయేది కదమ్మా" అని అందరి ముందూ అనేసి వెళ్లిపోయారు. ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు.

డీబగ్ నొక్కితే చివరి వరస నంబర్ పట్టుకునే లైన్ పసుపు రంగులో వస్తుంది. అందులో 65536 అని ఉంది, అది పాత ఎక్సెల్ షీటులో ఉండే వరసల లెక్క, ఎక్సెల్ 2007 నుంచి షీటుకి 10,48,576 వరసలు కదా, తప్పు ఇదే అనుకుని దాని బదులు రోస్ డాట్ కౌంట్ (షీటులో మొత్తం ఎన్ని వరసలో చెప్పేది) పెట్టా, మళ్లీ అదే ఎర్రర్. ఆ లైన్‌ని ఎన్నిసార్లు తిరగరాశానో లెక్కలేదు. చివరికి షీటులో వరసలు తగ్గిస్తూ పెంచుతూ చూశా, 30 వేలకి ఆడింది, 33 వేలకి ఆగింది. అప్పుడు పైన డిమ్ లైన్ (వరస నంబర్‌ని ఏ రకం అంకెగా దాచాలో చెప్పే లైన్) చూస్తే ఇంటీజర్ అని ఉంది. అందులో 32,767 దాటి పట్టదు! శాంపిల్ డేటా 20 వరసలే కాబట్టి పుస్తకంలో ఆ మాటే రాయలేదు, రాయాలి కదా. ఇంటీజర్ తీసేసి లాంగ్ అని పెట్టా, అది 214 కోట్ల దాకా పడుతుంది. మొత్తం 41 వేలూ నిమిషంలోపు విడిపోయాయి. మా ఆఫీసులో ఇది చేసింది నేనొక్కదాన్నే.

వరసలు డిలీట్ చేసే లూప్ అయితే కిందనుంచి పైకి, స్టెప్ మైనస్ 1 పెట్టి నడపండి, లేకపోతే ఒకటి తీయగానే కిందది పైకి జరిగి లూప్ దాన్ని వదిలేస్తుంది. రన్ కొట్టేముందు ఫైల్ కాపీ తీసుకోండి, మాక్రో చెరిపింది కంట్రోల్ జెడ్ కొట్టినా వెనక్కి రాదు.