నాన్నగారి జోడుగొట్టాల తుపాకీ, నా కుడి భుజం

మా నాన్నగారు పోయాక పంపకాల్లో ఎవరూ నాకు కావాలనని వస్తువు ఒక్కటే మిగిలింది, ఆయన పన్నెండు బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) తుపాకీ. తమ్ముడు విశాఖపట్నంలో నాలుగో అంతస్తులో ఉంటాడు. "నాకేల అప్పా, అమ్మేద్దాం" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, ఆ ఏడు జీడిపిక్కల కాలం వచ్చేదాకా.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ పక్క. ఇల్లు తోట అంచున ఉంటుంది. ఇంట్లో నేనూ, చెవులు వినపడని మా అమ్మా. ఒక రాత్రి సామాన్ల గది తాళం పగలగొట్టి మూడు బస్తాల పిక్కలు పట్టుకుపోయారు. గడియ పెట్టిన తలుపుకి వీపు ఆనించి నిలబడి, బస్తాలు ఈడ్చుకెళ్తున్న చప్పుడంతా విన్నాను. తెల్లారాక తమ్ముడికి ఫోన్ చేసి, "తుపాకీ నా పేరు మీదికి మార్పించుకుంటాను" అన్నాను. "నీకేటి పిచ్చా అప్పా? ఆ చేత్తో జడ వేసుకోలేకపోతున్నావు!"

అదీ నిజమే. షుగరుంది నాకు. దాంతోపాటే వచ్చింది కుడి భుజం బిగుసుకుపోయే జబ్బు. ఫిజియోథెరపీతో చెయ్యి చెవి దాకా లేస్తోంది గాని, పేలగానే పన్నెండు బోరు వెనక్కి తన్నే తన్ను తట్టుకునే భుజం కాదది. అందుకని, తన్నని తుపాకీ ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాను.

యూట్యూబ్ చూసి వారం పాడుచేసుకున్నాను. అమెరికావాళ్ళు 9 మిల్లీమీటర్ల పిస్తోళ్ళు పక్కపక్కన పెట్టి ఏది మెత్తగా తంతుందో చెబుతుంటారు. మన దేశంలో 9 మిల్లీమీటర్లూ, .38 (ఇది అంగుళాల లెక్క) నిషేధిత బోర్లు, మామూలు లైసెన్సుకి రావు. మనలాంటివాళ్ళకి చేతి తుపాకీ అంటే .32 లేదా .22. భుజానికి ఆనించేదంటే ముఖ్యంగా పన్నెండు బోరు. లెక్క అంత చిన్నది.

ఒక పెద్ద ఊళ్ళో ఆయుధాల దుకాణానికి వెళ్ళాను. నన్ను చూడగానే యజమాని ఒక పెట్టె తీశాడు. అందులో ఉన్నది నిర్భీక్. 2014లో ఆడవాళ్ళ కోసమని కాన్పూరు ఫ్యాక్టరీ తెచ్చిన .32 రివాల్వరు, అర కిలో బరువు, వచ్చిన కొత్తలోనే లక్షా ఇరవై వేల పైమాట. "లేడీస్‌కి ఇదే మేడమ్, పర్సులో పడుంటుంది" అన్నాడు. పావు కిలో తూగే నిడర్ కూడా ఉందట, .22ది. కాన్పూరువాళ్ళదే పాత రకం .32 ముప్పాతిక కిలోకి కాస్త తక్కువ. లోపల ఏమీ లేదని నాకు చూపించాక, గోడకేసి గురిపెట్టి గుర్రం (తూటాని కొట్టే వెనక సుత్తి) లేపకుండా ట్రిగ్గరు లాగమన్నాడు. లాగాను. నా వేలు సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. రెండో వేలు కూడా తోడు చేసి లాగితే కదిలింది గాని, ఈలోగా గొట్టం కొన గోడ మీంచి క్యాలెండరు మీదికి ఊగిపోయింది. పేలితే ఎంత తంతుందని అడిగితే నవ్వి, "చిన్నది కదా మేడమ్, ఏం తన్నదు" అన్నాడు.

ఆ మాట అబద్ధమని నాకు పోలీసు లైన్లలో తెలిసింది. లైసెన్సుకి ఏ-1 ఫారం పెట్టాలి, తమ్ముడి చేత అభ్యంతరం లేదని రాయించాలి, డాక్టరు సర్టిఫికెట్టు ఇవ్వాలి, థానా విచారణ జరగాలి. ఇవన్నీ ఓపికతో అయ్యే పనులు, వాటి గురించి రాయను. తేలేదాకా తుపాకీ థానాలోనే ఉంది. (నాన్నగారికి డెబ్భై దాటినప్పుడే ఈ మార్పిడి చేయించుకోవచ్చట, రూల్సులో ఉంది. ఎవరికి తోచింది?) వీటితోపాటు పోలీసు లైన్లలో ఆయుధ భద్రత శిక్షణ ఒకటి. నేర్పింది ఒక ఒడియా హవల్దారు. నన్ను మాఉసీ (పిన్నీ) అని పిలిచేవాడు.

మొదటి తూటాకి నేను చేసింది అందరూ చేసే తప్పే. నొప్పికి భయపడి తుపాకీ మడమని (భుజానికి ఆనించే వెనక కొనని) భుజానికి రెండు వేళ్ళ ఎడంగా పట్టుకున్నాను. ఆ రెండు వేళ్ళ సందులో ఊపందుకుని వచ్చి గుద్దింది. సాయంత్రానికి జాకెట్టు చేతి కింద నేరేడుపండు రంగు. హవల్దారు విసుక్కోలేదు. "మాఉసీ, దూరం పెడితే కొడుతుంది, హత్తుకుంటే తోస్తుంది" అన్నాడు ఒడియాలో. మడమని ఎముక మీద కాకుండా భుజం లోపలి గుంటలో బిగించి, చెంప తుపాకీ కర్రకి ఆనించి, ఒళ్ళు కొంచెం ముందుకి వాల్చమన్నాడు. రెండోది అంత బాధ పెట్టలేదు.

రివాల్వరు సంగతి కూడా అతన్నే అడిగాను. "వంశధారలో తెప్ప మీంచి గట్టుకి దూకారా ఎప్పుడైనా? పెద్ద పడవైతే కదలదు, చిన్న తెప్పైతే వెనక్కి పారిపోతుంది" అన్నాడు. ఒకే తూటాని అర కిలోదానితోనూ, ముప్పాతిక కిలోదానితోనూ పేలిస్తే తేలికైనదే ఎక్కువ తంతుంది. అదీ భుజం అడ్డు లేకుండా నేరుగా మణికట్టుని. .22 తన్నదు నిజమే గాని, అంచున మందుండే ఆ రకం తూటాలు అప్పుడప్పుడు మొరాయిస్తాయి. అర్ధరాత్రి అది నాకు అక్కర్లేదు. పైగా చేతి తుపాకీతో గురి కుదరాలంటే నెలల తరబడి సాధన కావాలి. నాకు దగ్గరలో రేంజి ఏది?

అలా తిరిగి తిరిగి మూడు కిలోల నాన్నగారి తుపాకీ దగ్గరికే వచ్చాను. 2023లో లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది, అయిదేళ్ళ గడువుతో. థానా నుంచి విడిపించుకుని బరంపురంలో లైసెన్సున్న తుపాకుల మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. తెలుగాయనే. నన్ను మోచెయ్యి వంచమని, మడమని మోచేతి మడతలో పెట్టి, ట్రిగ్గరు దాకా వేలు అందుతుందేమో చూశాడు. వేలి కొన కూడా తగల్లేదు. "ఆరడుగుల మనిషిదమ్మా ఇది. చొక్కా పెద్దదైతే పరవాలేదు, తుపాకీ పెద్దదైతే తంతుంది" అన్నాడు.

తర్వాత గొట్టాలు విప్పి, అడుగున ఉన్న ముద్రల్ని భూతద్దంతో చూసి, నాన్నగారి తూటాల డబ్బా అడిగాడు. చూసి తల పట్టుకున్నాడు. తుపాకీ గది (గొట్టంలో తూటా కూర్చునే చోటు) 65 మిల్లీమీటర్లది, డబ్బాలో ఉన్నవి 70 మిల్లీమీటర్ల తూటాలు. గదిలో పడతాయి, ఎందుకంటే మూతి మడత ఉన్నప్పుడు పొట్టిగానే ఉంటాయి. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. తుపాకీ పగిలినా పగలొచ్చు. పోలీసు లైన్లలో నేను కొట్టిన తుపాకీ, తూటాలు వాళ్ళవి. ఈ డబ్బాలోవి నాన్నగారు ఎన్నేళ్ళు కొట్టారో! "మీ భుజం తప్పేం లేదమ్మా" అన్నాడాయన. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు.

కర్రలోంచి వేలెడు ముక్క కోసి, రబ్బరు దిమ్మ బిగించాడు. గొట్టం కూడా పొట్టి చేస్తే తేలికవుతుంది కదా అన్నాను. కళ్ళెర్ర చేశాడు. అందుకు వేరే లైసెన్సు లేకుండా గొట్టం కోయడానికి ఆయుధాల చట్టం ఆరో సెక్షను ఒప్పుకోదట, పైగా తేలికైతే ఇంకా తంతుంది, అంతసేపు విని ఏం నేర్చుకున్నారు అని కోప్పడ్డాడు. 65 మిల్లీమీటర్లవే, సన్నగుళ్ళవి, దొరికినవాటిలో తేలికవి తీసుకోమన్నాడు. ఒలింపిక్సులో ట్రాప్ (గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళల్ని కొట్టే పోటీ) కొట్టేవాళ్ళు 24 గ్రాముల గుళ్ళతోనే సరిపెడతారట. ఎస్‌జీ లాంటి పెద్దగుళ్ళు ఎందుకు వద్దో హవల్దారు ముందే చెప్పాడు. "తలుపు అవతల ఎవరున్నారో చూసుకున్నారా మాఉసీ?" మా ఇంట్లో తలుపు అవతల అమ్మ పడుకుంటుంది.

కొత్త తూటాలతో నాలుగు కొట్టాను. భుజం మర్నాడు కొంచెం పట్టేసింది, అంతే.

ఇంతా చేస్తే, 2024 మార్చి 16న ఎన్నికల ప్రకటన వచ్చింది. లైసెన్సు ఆయుధాలన్నీ అప్పజెప్పమన్నారు. సరిగ్గా పిక్కలు రాలే వేళకి నా తుపాకీ మళ్ళీ థానాకెళ్ళింది, చేతికి రసీదొచ్చింది. ఇటు మాకూ, అటు ఆంధ్రాలోని పాతపట్నంలోనూ మే 13నే ఓట్లు. జూన్‌లో ఫలితాలొచ్చాక తెచ్చుకున్నాను. ఆ మూడు నెలలూ కొత్తగా వేయించిన ఇనుప గ్రిల్లూ, రెండు ఫోకస్ లైట్లూ, కాశీనగర్ సంతలో దొరికిన కుక్కపిల్లా కాపలా కాశాయి. ఒక్క బస్తా పోలేదు. తమ్ముడు ఫోన్లో నవ్వుతూనే ఉన్నాడు.

తుపాకీ ఇప్పుడు ఇనుప బీరువాలో ఉంది, తూటాలు వేరే తాళంలో. బీరువా కాలు ఒకటి పొట్టి, ఎప్పుడూ ఊగేది. నాన్నగారి కర్రలోంచి మేస్త్రి కోసిచ్చిన ముక్క దాని కింద పెట్టాను, సరిపోయింది.