వార్డు గీతల మీద మేం అభ్యంతరం పెట్టిన అనుభవం

మా ఊళ్లో వార్డుల పునర్విభజన ముసాయిదా బయటికొచ్చేసరికి మా కాలనీ మూడు వార్డుల్లోకి పోయింది. అప్పటిదాకా మాది ఒకటే వార్డు. గుంటూరుకి బస్సులో రోజూ పోయివచ్చేంత దగ్గర్లో ఉన్న చిన్న మున్సిపాలిటీ మాది. కాలువకీ రైలు కట్టకీ మధ్య మా ఎస్సీ కాలనీ. మగవాళ్లలో ఎక్కువమంది గుంటూరు మిర్చి యార్డుకీ, కోల్డ్ స్టోరేజీలకీ హమాలీ పనికి వెళ్తారు. నేను బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పిల్లలకి పాలిటీ చెబుతాను. ఊరి పేరు రాయడం లేదు. ఆ గీతలు ఎవరు గీశారో, ఏ ఉద్దేశంతో గీశారో నాకు తెలియదు, ఎవరి మీదా నేరం మోపను. ఇలాంటి ముసాయిదా మీ ఊళ్లోనూ ఒకరోజు వస్తుంది. గడువు చాలా కొద్దిగా ఉంటుంది. అప్పుడు దేనికి తొందరపడాలో తెలిసి ఉండాలని రాస్తున్నాను.

జెర్రీమాండరింగ్ గురించి, అంటే ఒక పక్షానికి లాభం వచ్చేలా నియోజకవర్గాల గీతలు గీయడం గురించి, క్లాసులో ఎప్పుడూ చెప్పేదే. 1812లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ సంతకం చేసిన విభజన ప్రకారం రాష్ట్ర సెనేట్ ఎన్నికలు జరిగాయి. ఆయన పక్షానికి సుమారు 50 వేల ఓట్లు, ఎదుటి ఫెడరలిస్టులకి అంతకన్నా కాస్త ఎక్కువే వచ్చాయి. అయినా 40 సీట్లలో 29 జెర్రీ పక్షానికే దక్కాయి. 2018లో అదే దేశంలోని విస్కాన్సిన్ రాష్ట్ర అసెంబ్లీలో డెమోక్రాట్లకి మొత్తం ఓట్లలో సగానికి పైగా వచ్చినా 99 సీట్లలో దక్కింది 36. పిల్లలు రాసుకునేవాళ్లు, నేను తర్వాతి పాఠానికి వెళ్లేవాణ్ని. అదే లెక్క మా చర్చి అరుగు మీద మా వాళ్లకి చెప్పాల్సి వచ్చినప్పుడు దాని బరువు వేరేగా ఉంది.

మొదట చాలామంది "మూడు వార్డులైతే ముగ్గురు కౌన్సిలర్లు వస్తారు గదా మాష్టారూ, మంచిదేగా" అన్నారు. సుద్దముక్కతో అరుగు మీద లెక్క వేశాను. ఒక ఊళ్లో 900 ఓట్లు, మూడు వార్డులు, వార్డుకి 300. అందులో మనవాళ్లు 360 మంది అనుకుందాం. వార్డుకి 120 చొప్పున పంచితే మూడు చోట్లా ఓడిపోతాం. ఒక వార్డులో 200, మిగతా రెంటిలో 100, 60 ఉంటే ఒకటి గెలుస్తాం. రెండు వార్డుల్లో 155 చొప్పున, మూడోదాంట్లో 50 ఉంటే రెండు గెలుస్తాం. అవే 360 ఓట్లు. ఎవరూ ఎవరి ఓటూ దొంగిలించలేదు, ఎవరూ డబ్బు పంచలేదు, గీత ఒక్కటే మారింది. యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన మా పెదనాన్న ఆ అంకెల్ని చాలాసేపు చూసి, "అయితే మన పని ఓట్లు పడకముందే అయిపోద్దన్నమాట" అన్నాడు.

అప్పటిదాకా కుళాయి నీళ్లు రెండు రోజులు రాకపోతే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కౌన్సిలర్ గారి ఇంటి ముందు కూర్చునేవాళ్లు. నీళ్లు వచ్చేవి. మా ఓట్లు లేకుండా ఆయన గెలవలేడు, అంతే కారణం. కాలనీలో సైడు కాలువలు అలా వచ్చాయి, అంగన్‌వాడీకి సొంత గది అలా వచ్చింది. ముసాయిదా ప్రకారం ఏ వార్డులోనూ మా ముక్క ఐదో వంతుకి మించదు. ముగ్గురు కౌన్సిలర్లలో ఏ ఒక్కరికీ మా గుమ్మం తొక్కాల్సిన అవసరం ఉండదు. పైగా మున్సిపాలిటీల్లో ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న వార్డుల్నే ఎస్సీలకి కేటాయిస్తారు. కాలనీ చీలితే ఆ శాతం మూడుచోట్లా పడిపోతుంది, రిజర్వేషన్ మా దగ్గరికి రాకుండా ఇంకెక్కడికో పోతుంది. రాజ్యాంగంలోని 243టీ అధికరణం జనాభా నిష్పత్తిలో సీట్లు ఇమ్మంటుంది కాబట్టి ఊరి మొత్తం మీద సీట్ల సంఖ్య తగ్గదు. కానీ అవి ఎక్కడ పడతాయో తేల్చేది ఈ గీతలే.

ఇక పని మొదలుపెట్టాం. నోటీసు బోర్డు మీద అంటించిన ముసాయిదాలో పటం లేదు, మాటలే ఉన్నాయి. ఉత్తరాన ఫలానా వీధి తూర్పు కొస నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు, అక్కడి నుంచి దక్షిణంగా కాలువ గట్టు వరకు, అలా పేజీలకి పేజీలు. చదివితే ఏమీ అర్థం కాదు. ఫోన్లలో ఫొటోలు తీసుకుని, డిగ్రీ చదివే మా పిల్లలు ఆ హద్దుల వెంట నడిచారు. కొన్ని ఇళ్ల నంబర్లు పాతవి, కొన్ని కొత్తవి. తలుపు తట్టి అడిగి రాసుకున్నారు. అరండల్‌పేటలో పెద్ద సైజు ప్రింట్లు తీసే షాపులో శాటిలైట్ పటం తీయించి, స్కెచ్ పెన్నులతో గీశాం. రంగులు పడ్డాక అందరికంటే ముందు ఆడవాళ్లే పట్టుకున్నారు: అంగన్‌వాడీ ఒక వార్డులో, దాని పిల్లల ఇళ్లు పక్క వార్డులో. నీళ్ల ట్యాంకు ఇంకో వార్డులో. రైలు కట్ట లాంటి సహజమైన హద్దుని దాటి అవతలి నుంచి ఒక ముక్క వచ్చి మాతో కలిసింది. కట్ట దాటడానికి గేటు లేదు, వాళ్లు మా వైపు రావాలంటే ఊరంతా చుట్టి రావాలి.

ఇక్కడొక సంగతి గట్టిగా చెప్పాలి. "మాకు అన్యాయం జరిగింది" అని రాసిన కాగితానికి విలువ ఉండదు. "ఫలానా నాయకుడు చేయించాడు" అని రాస్తే ఇంకా లేదు, మనం రుజువు చేయలేం. రాయాల్సింది అంకెలు, హద్దులు, ఇంకో గీత. ఆ అంకెలు కూడా ఓటర్లవి కావు, జనాభావి. లెక్కకి ఆధారం 2011 జనగణన. అంటే ఆ తర్వాత కట్టిన వీధులు ఈ లెక్కలో లేనట్టే. బైపాస్ పక్కన లేచిన లేఅవుట్లలో వందల ఇళ్లున్నా కాగితం మీద అవి పొలాలే. జనగణన బ్లాకుల్ని కలుపుతూ వార్డు కట్టాలి, జనాభా మిగతా వార్డులతో దాదాపు సమానంగా రావాలి. మా కాలనీని ఒక్కటి చేస్తే ఏదో ఒక వార్డు ఉబ్బుతుంది, ఇంకోటి తగ్గుతుంది. దాన్ని సరిచేస్తే దాని పక్కది కదులుతుంది. ఒక్క వీధి జరిపితే నాలుగు వార్డుల కూడికలు మళ్లీ వేయాలి. రాత్రి పనుల నుంచి వచ్చాక కూర్చుని వేసేవాళ్లం.

అంకెలు చేతికొచ్చాక మా తమ్ముడి స్నేహితుడు ఒకడు, మంచి తెలివైన కుర్రాడు, కొత్త పటం గీసుకొచ్చాడు. కాలనీని అటూ ఇటూ సాగదీసి, రెండు వార్డుల్లో మనదే పైచెయ్యి అయ్యేలా. "మాష్టారూ, మీరు చెప్పిన 155, 155 లెక్కే ఇది. వాళ్లు గీసినప్పుడు లేని తప్పు మనం గీస్తే వస్తదా?" అన్నాడు. కొందరు ఒప్పుకున్నారు కూడా. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అందులో కోపం న్యాయమైంది. కానీ నేను ఒప్పుకోలేదు. మనది కాలనీ కాబట్టి కలిపి ఉంచమని అడుగుతున్నాం. గెలుపు కోసం సాగదీస్తే ఆ వాదన అక్కడే చచ్చిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ రెండో వార్డులో 145 మంది ఎవరో ఉన్నారు, వాళ్లకి మనం చేసేది మనకి జరిగిందే. ఆ రాత్రి వాదన చాలాసేపు నడిచింది. చివరికి ఆ కుర్రాడే తన పటం మడిచి పెట్టుకుని, ఒకే వార్డు పటానికి కూడికలు వేశాడు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. జనాభా సరిపోవాలంటే ఒక వీధిని మాతో కలుపుకోవాలి. దగ్గర్లో ఉన్నది మసీదు వీధి. వెళ్లి మాట్లాడాం. టీ ఇచ్చారు, పటం చూశారు. ఒక పెద్దాయన మెల్లగా అన్నారు: "బాబూ, మీ బాధ మాకు తెలుసు. కానీ మీ వార్డు ఎస్సీ రిజర్వు అయితే మా పిల్లోడు ఎప్పుడూ నిలబడే వీల్లేదు గదా. ఇప్పుడున్న వార్డులో మాకు కొంచెం బలముంది." ఆయన చెప్పింది వట్టి అనుమానం కాదు. ముస్లింల స్థితిగతుల మీద 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక సరిగ్గా ఇదే ఎత్తి చూపింది: ముస్లింలు బాగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు ఎస్సీలకి కేటాయించినవి, ఎస్సీలు అంతకన్నా ఎక్కువ శాతం ఉన్న చోట్లు జనరల్‌లో ఉన్నాయి. ఒకరి వాటాని ఇంకొకరి వాటాతో కొట్టించే పద్ధతి ఇది. మేం మసీదు వీధిని వదిలేశాం. స్టేషన్ రోడ్డు వెంట ఉన్న ఇళ్ల వరసని కలుపుతూ లెక్క మళ్లీ వేశాం. కూడిక కాస్త బిగుతుగా వచ్చింది కానీ వచ్చింది. ఆ పెద్దాయన మా కాగితం మీద సంతకం పెట్టారు. స్టేషన్ రోడ్డు వాళ్లలో కొందరు పెట్టలేదు, వాళ్లని బలవంతపెట్టలేదు.

కాగితం రెండు పేజీలే రాశాం. ముసాయిదాలో మా కాలనీ ఏ ఏ వార్డుల్లోకి పోయిందో ఒక పేరా. రైలు కట్ట, కాలువ సహజమైన హద్దులని ఒక పేరా. మేం ప్రతిపాదించే గీత, దాని వల్ల ప్రతి వార్డు జనాభా ఎంతవుతుందో ఒక పట్టిక. వెనక పటం. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకుని తెచ్చుకున్నాం. ముద్ర లేని కాపీ ఉన్నా లేనట్టే, ఇది మర్చిపోవద్దు. ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మున్సిపల్ వార్డుల విభజన చట్టాల్ని కోర్టుల్లో ప్రశ్నించకుండా 243జెడ్‌జి అధికరణం అడ్డుపడుతుంది. అసెంబ్లీ, పార్లమెంటు నియోజకవర్గాలకి 329 అధికరణం అలాగే ఉంది, 1966లో మేఘరాజ్ కొఠారి కేసులో సుప్రీంకోర్టు దాన్నే బలపరిచింది. 2024లో గుజరాత్‌లోని బార్డోలీ నియోజకవర్గం విషయంలో అదే కోర్టు, విభజన మరీ ఏకపక్షంగా ఉంటే చూడొచ్చని కొంచెం తలుపు తీసింది. అయినా మా బోటివాళ్లకి అభ్యంతరాల గడువే నిజమైన కోర్టు.

తుది ప్రకటనలో మా కాలనీలో రెండు ముక్కలు కలిసి ఒకే వార్డులోకి వచ్చాయి. మూడో ముక్క, కాలువ వైపు రెండు వీధులు, పక్క వార్డులోనే ఉండిపోయాయి. రైలు కట్ట అవతలి ముక్క వాళ్ల వైపుకి వెళ్లింది. మేం అడిగినంతా రాలేదు. ఆ రెండు వీధుల్లో మా పిన్ని వాళ్ల ఇల్లుంది. కుళాయి విషయం అడగాలంటే ఆమె ఇప్పటికీ ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోలేక మా కౌన్సిలర్ దగ్గరికే వస్తుంది, ఆయన "అమ్మా, నీ వార్డు నాది కాదు" అంటాడు. అది చూస్తే నాకు కోపం తగ్గదు.

అసెంబ్లీ స్థాయిలో ఇది మన జిల్లాలకి కొత్త కాదు. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ విభజనతో 2009 ఎన్నికల నాటికి గుంటూరు-1, గుంటూరు-2 పోయి తూర్పు, పడమర వచ్చాయి. దుగ్గిరాల, కంకిపాడు నియోజకవర్గాలే లేకుండా పోయాయి. దుగ్గిరాలలో మా బంధువులు ఇప్పటికీ పాత సీటు లెక్కలే చెప్పుకుంటారు. అప్పుడు కూడా అభ్యంతరాలు పిలిచారు, బహిరంగ విచారణలు జరిపారు. మా కాలనీ నుంచి ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. మళ్లీ అది రాబోతోంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన జరుగుతుందని కేంద్రం ప్రకటించింది. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్ అసెంబ్లీ సీట్లని 175 నుంచి 225కి పెంచుకోవచ్చంటోంది, అది ఎప్పుడు జరిగినా గీతలన్నీ కొత్తగా పడతాయి.

అందుకే ఇప్పట్నుంచే మూడు పనులు పెట్టుకున్నాం. జనగణన వాళ్లు వచ్చినప్పుడు కాలువ గట్టు మీది ఇళ్లు ఒక్కటీ తప్పిపోకుండా పిల్లలు వెంట ఉండాలి, వలస కూలీల గదులతో సహా. వీధుల పటం ఏడాదికోసారి కొత్తగా గీయాలి. మసీదు వీధి వాళ్లతో, స్టేషన్ రోడ్డు వాళ్లతో ముసాయిదా రాకముందే కూర్చోవాలి. వచ్చాక గడువు సరిపోదు. పోయిన నెల మొదటి సమావేశం మసీదు వీధిలోనే జరిగింది. స్టేషన్ రోడ్డు నుంచి కూడా ఇద్దరు వచ్చారు, ఒకరు అప్పట్లో సంతకం పెట్టనన్నవారే. వాళ్ల వీధిని ఎటు కలపాలనుకుంటున్నారో వాళ్లే గీసి తీసుకొస్తామన్నారు.