క్వారంటైన్ ట్యాంకులో మందు కన్నా ముందు నీరు

ఉప్పునీటి చేపలు పెంచడం మొదలుపెట్టిన తొలి ఏడాదిలోనే నేను ఒక యెల్లో టాంగ్‌ను పోగొట్టుకున్నాను. ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపించిన రోజే దాన్ని క్వారంటైన్ ట్యాంకులోకి (జబ్బు చేపను విడిగా ఉంచి చికిత్స చేసే చిన్న ట్యాంకులోకి) మార్చి రాగి మందు మొదలుపెట్టాను. నాలుగో రోజుకు చుక్కలు దాదాపు పోయాయి. ఐదో రోజు పొద్దున చూస్తే అది ఎయిర్ స్టోన్ (నీటిలోకి గాలి బుడగలు వదిలే రాయి) పక్కనే నీటి పైభాగాన నిలబడి, నోరు తెరుచుకుని మొప్పలు ఎగరేస్తోంది. మందు ఎక్కువైందేమోనని రాగిని పరీక్షించాను, మోతాదు సరిగ్గానే ఉంది. చేప వ్యర్థాల నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను పరీక్షించాలన్న ఆలోచన సాయంత్రానికి గానీ రాలేదు. లేత పసుపు రంగులో ఉండవలసిన గాజు గొట్టంలోని నీరు ఐదు నిమిషాలు కాకముందే ముదురు ఆకుపచ్చకు తిరిగింది, అంటే అమ్మోనియా బాగా పెరిగిపోయింది. ఆ రాత్రి చేప చనిపోయింది. రోగం నుంచి కాపాడాలని పెట్టిన నీళ్లలోనే అది చనిపోయిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ తెల్లచుక్కలకు కారణమైన పరాన్నజీవి క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. అది చేప చర్మంలో 3 నుంచి 7 రోజులు ఉండి, తనంతట తానే రాలిపోయి, ట్యాంకు అడుగున గుల్ల కట్టుకుని, ఒక్కోసారి వారాల తర్వాత కూడా కొత్త పిల్లలను నీటిలోకి వదులుతుంది. కాబట్టి నాలుగో రోజు చుక్కలు పోయినందుకు నేను సంతోషించడం కూడా తొందరపాటే. రాగి పనిచేసేది నీటిలో ఈదే ఆ పిల్లదశ మీద మాత్రమే గనుక మోతాదును వారాల తరబడి నిలకడగా ఉంచవలసి వస్తుంది. నేను 30 రోజులు ఉంచుతాను. అన్ని రోజులూ చేప ప్రాణంతో ఉండగలిగే నీరు లేనప్పుడు ఎంత మంచి మందైనా వృథా.

ప్రధాన ట్యాంకులో రాళ్ల రంధ్రాల్లోనూ ఇసుకలోనూ స్థిరపడిన బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తూనే ఉంటుంది. రాగి వేసే ట్యాంకులో ఆ రాళ్లు, పగడపు ఇసుక వేయకూడదు, ఎందుకంటే అవి రాగిని పట్టుకుని మోతాదును పడగొడతాయి. అందుకే అడుగు ఖాళీగా వదిలేసి, దాక్కోవడానికి నాలుగు పీవీసీ పైపు ముక్కలు వేసి, శుద్ధి చేసే బాధ్యతంతా ఒక్క స్పాంజ్ ఫిల్టర్ (గాలి పంపుతో నీటిని స్పాంజి గుండా లాగే ఫిల్టర్) మీద పెడతాం. ఆ బాధ్యత ఎంత పెద్దదో నాకు లెక్క వేసుకున్నాకే తెలిసింది. 45 శాతం మాంసకృత్తులున్న పొడి మేత ఒక గ్రాము వేస్తే అందులో సుమారు 72 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. అందులో సగమే అమ్మోనియాగా బయటికి వచ్చిందనుకున్నా, 80 లీటర్ల ట్యాంకులో ఒక్క రోజుకే లీటరుకు 0.45 మిల్లీగ్రాములు చేరుతుంది. చేప తన అమ్మోనియాలో ఎక్కువ భాగాన్ని మొప్పల ద్వారానే వదులుతుంది కాబట్టి, అడుగున మలం తీసేసినంత మాత్రాన ఈ లెక్క పెద్దగా మారదు.

స్పాంజిని ముందే ప్రధాన ట్యాంకు సంప్‌లో (దాని నీరు శుద్ధి కోసం తిరిగే అదనపు తొట్టిలో) కనీసం నాలుగు వారాలు నానబెట్టి ఉంచుకోవాలి. బాక్టీరియా నీటిలో కన్నా స్పాంజి వంటి ఉపరితలాల మీదే కాపురముంటుంది గనుక, ప్రధాన ట్యాంకు నీటిని తెచ్చి క్వారంటైన్ ట్యాంకు నింపితే ఫిల్టర్ సిద్ధమైనట్టు కాదు. స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి నీటిలో పిండితే ఉన్న బాక్టీరియా కూడా పోతుంది. యాంటీబయాటిక్ మందులు వాడుతున్నప్పుడు కూడా ఆ స్పాంజి మీద నమ్మకం పెట్టుకోకుండా, ఫిల్టరే లేదనుకుని నీళ్లు మార్చుకుంటూ పోవడం మేలు.

అమ్మోనియా విషయంలో చాలామంది పట్టించుకోనిది పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే అంకె. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అయాన్ రూపంలో ఉన్నది చేపకు అంతగా హాని చేయదు, వాయు రూపంలో ఉన్నది మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి చేరి చంపుతుంది. పీహెచ్ 8.2, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్న సముద్రపు నీటిలో ఆరేడు శాతం విషరూపంలో ఉంటే, పీహెచ్ 7 దగ్గర అది ఒక శాతానికి చాలా తక్కువ. దూరం నుంచి సంచిలో వచ్చిన చేపకు ఈ తేడాయే ప్రాణాంతకమవుతుంది. గంటల తరబడి మూసి ఉన్న సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను దించేస్తుంది కాబట్టి, పేరుకున్న అమ్మోనియా చాలావరకు హాని చేయని రూపంలోనే ఉంటుంది. మనం సంచి విప్పి, చుక్కచుక్కగా కొత్త నీరు కలుపుతూ గంటసేపు అలవాటు చేస్తున్నామనుకునే సమయంలో ఆ వాయువు బయటికి పోయి, పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. నేను ఇప్పుడు సంచిని మూసే ఉంచి తేలనిచ్చి ఉష్ణోగ్రత సమానం చేస్తాను. ఆ తర్వాత సంచి విప్పి దాని లవణీయత చూసి, క్వారంటైన్ ట్యాంకును వెంటనే అదే లవణీయతకు తెచ్చి, చేపను మాత్రం అందులోకి మార్చి, సంచి నీటిని పారబోస్తాను. లవణీయతను తరువాతి రోజుల్లో నెమ్మదిగా పెంచుకోవచ్చు.

రాగి ఉన్న ట్యాంకులో అమ్మోనియా పెరిగితే చేతికందిన సీసా వంపేయకూడదు. అమ్మోనియాను బంధిస్తాయని అమ్మే ద్రావణాల్లో కొన్ని రాగితో చర్య జరిపి దాన్ని చేపకు మరింత విషతుల్యం చేస్తాయి. పైగా సాలిసిలేట్ పద్ధతిలో (ఆ రసాయనంతో పసుపు నుంచి ఆకుపచ్చకు రంగు మార్చి చూపే పద్ధతిలో) పనిచేసే కిట్లు బంధించిన అమ్మోనియాను కూడా కలిపి చూపిస్తాయి కాబట్టి, ప్రమాదం తగ్గిందో లేదో రంగు చూసి తేల్చుకోలేం. నీళ్లు మార్చడమే నమ్మదగిన దారి, అది కూడా మందు లెక్క తప్పకుండా. 80 లీటర్లలో చీలేటెడ్ రాగి (నీటిలో నిలకడగా ఉండేలా వేరే అణువులతో బంధించిన రాగి మందు) లీటరుకు 2.2 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు 20 లీటర్లు తీసి మామూలు ఉప్పునీరు పోస్తే అది 1.65కు పడిపోతుంది, పరాన్నజీవికి ఊపిరి పోసినట్టవుతుంది. కొత్త నీటిని ముందురోజే ఉప్పు కలిపి, గాలి ఆడనిచ్చి, ఉష్ణోగ్రత సరిచూసి, అదే మోతాదు రాగిని బకెట్లోనే కలిపి, కిట్‌తో పరీక్షించాకే ట్యాంకులో పోయాలి. యాక్టివేటెడ్ కార్బన్ రాగిని లాగేస్తుంది కాబట్టి చికిత్స ముగిసేదాకా ఫిల్టర్‌లో దానికి చోటు లేదు.

నైట్రైట్ చూసి మంచినీటి చేపల పెంపకందారులు భయపడినంతగా మనం భయపడనవసరం లేదు. సముద్రపు నీటిలో విస్తారంగా ఉన్న క్లోరైడ్, మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీ పడి దాన్ని లోపలికి పోనివ్వదు.

ప్రాణవాయువు మాట వేరు. 25 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 6.7 మాత్రమే కరుగుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఆ కొద్దిపాటి కూడా అందకపోవచ్చు. అందుకని స్పాంజ్ ఫిల్టర్‌కు ఒక పంపు, ఎయిర్ స్టోన్‌కు వేరొక పంపు పెట్టుకుంటే ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. లవణీయత కూడా చిన్న ట్యాంకులో త్వరగా జారిపోతుంది. రోజుకు రెండు లీటర్ల చొప్పున ఆవిరైతే 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు) ఉన్న 80 లీటర్ల నీరు నాలుగు రోజుల్లో 39కి చేరువవుతుంది. ఆవిరైన చోట ఆర్వో నీరే పోయాలి, ఉప్పునీరు కాదు. లవణీయతను కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోవడం మరవకూడదు.

పొద్దున లైటు వేయక ముందే అమ్మోనియా పరీక్ష చేసి గోడ మీది కాగితంలో రాస్తాను. రంగు కాస్త పచ్చబడినా ఆ రోజు మేత ఆపి నీళ్లు మారుస్తాను. ఆరోగ్యంగా తింటున్న చేప ఒక పూట మేత లేకపోయినా తట్టుకుంటుంది. చిక్కిపోయి వచ్చిన చేపకు మాత్రం మేత తగ్గించకుండా నీళ్లే ఎక్కువసార్లు మార్చాలి, ఆ కష్టం తప్పదు. తినకుండా వదిలేసిన మేతను పది నిమిషాల్లో సన్నని గొట్టంతో లాగేస్తాను.

ముప్పై రోజులు నిండి చేప ప్రధాన ట్యాంకుకు వెళ్లాక, రాగిలో ఉన్న స్పాంజిని మళ్లీ సంప్‌లో వేయకూడదు. రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ఆ రాగి విషం. దాన్ని క్వారంటైన్ బకెట్‌తో పాటే పక్కన పెట్టి, అదే రోజు ఒక కొత్త స్పాంజిని సంప్‌లో వేసి, మూత మీద తేదీ రాసి ఉంచుతాను.