తలుపులు తీసేసిన అలమార

పర్లాకిమిడి, మంగళవారం రాత్రి

ఈ ఉదయం వడ్రంగి వచ్చి, ముందుగదిలోని గోడ అలమార తలుపులు రెండింటినీ విప్పి వసారాలో గోడకు చేర్చి వెళ్లాడు. అరగంట పని. దానికి అతన్ని పిలవడానికి నాకు మూడు నెలలు పట్టింది, ఎందుకంటే తలుపుల్లేని అలమార వచ్చినవారి కంటికి చిందరవందరగా కనబడుతుందన్న సంకోచం అత్తయ్యకే కాదు, నాకూ ఉండేది. కానీ తలుపు వెనక్కి వెళ్లిన వస్తువు నా మనసులోంచి కూడా వెళ్లిపోతుంది. కరెంటు బిల్లు, రక్తపోటు మాత్రలు, ఒకరు నమ్మి ఇచ్చిన దస్తావేజు, అన్నీ అలాగే పోయాయి.

నలభయ్యో ఏట ఇది ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి నిలపడం కష్టమయ్యే, చిన్నప్పటినుంచీ ఉండే మెదడు స్థితి అని తెలిసేదాకా దీన్ని నిర్లక్ష్యమనే అనుకున్నాను. లక్షణాలు 12 ఏళ్లలోపే కనబడి ఉండాలన్నది నిర్ధారణ నియమాల్లో ఒకటి కనుక డాక్టరు నా బాల్యం గురించి అడిగారు; నది అవతల పాతపట్నంలో ఉన్న అమ్మ, నేను పోగొట్టుకున్న పలకల లెక్క చెప్పి కళ్లు తుడుచుకుంది. అవసరమైన సంగతిని కాసేపు మనసులో పట్టి ఉంచడం, ఎంతసేపు గడిచిందో లోపలినుంచి గ్రహించడం ఈ స్థితిలో కష్టమవుతాయి. అందుకే గుర్తుంచుకోవలసినదాన్ని పని జరిగే చోటే, ఆ వేళకే కంటి ఎదుట ఉంచాలని అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్‌క్లీ చెబుతారు. నేను ఇల్లు సర్దుకుంటున్నది ఆ ఒక్క మాట పట్టుకునే. మాత్రలు కాఫీపొడి డబ్బా పక్కకు చేరాయి. తాళంచెవులకు గుమ్మం దగ్గర, చెయ్యి తనంతట తాను వెళ్లే ఎత్తులో మేకు కొట్టించాను.

నా పని దస్తావేజుల అనువాదం. 1936లో ఒడిశా ఏర్పడేవరకు ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక పాత క్రయపత్రాలు, పంపకాల కాగితాలు ఎన్నో ఇళ్లలో తెలుగులోనే ఉన్నాయి, ఇప్పుడు వాటిని ఒడియాలో చూపించవలసి వస్తుంది. సర్వే నంబరులో ఒక అంకె తప్పితే ఒకరి పొలం హద్దు మారిపోతుంది. ఇంతకుముందు నా బల్ల వీధి కిటికీకి ఎదురుగా ఉండేది. సైకిలు గంట వినబడినప్పుడల్లా చూపు కాగితం విడిచిపోయేది. ఇప్పుడు బల్ల గోడవైపు తిరిగింది, దానిమీద ఒక్క దస్తావేజే ఉంటుంది, తక్కినవి నా వెనుక పళ్లెంలో ఉంటాయి. అలమార తెరిచి బల్లను ఖాళీ చేయడమేమిటని మా వారు అడిగారు. మరవకూడనిది కనబడాలి, లాక్కుపోయేది కనబడకూడదు. ఈ రెండూ నాకు వేరువేరు అవసరాలు. వేళ చూడటానికి ఫోను తీస్తే అరగంటకు గాని తిరిగి రాను కనుక ఎదురుగా ముళ్ల గడియారం పెట్టుకున్నాను.

వీటన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది అత్తయ్య కుర్చీ. పక్కన మరొకరు తమ పని తాము చేసుకుంటూ ఉంటే పని సాగుతుందని ఏడీహెచ్‌డీ ఉన్నవారు చాలామంది చెబుతారు. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ, "నానేటి సెయ్యాలమ్మా?" అని ఆందోళనగా అడిగారు. "ఏమీ చెయ్యక్కర్లేదు అత్తయ్యా, కూర్చోండి చాలు" అన్నాను. ఈరోజు ఆవిడ పత్తి ముందేసుకుని దీపానికి ఒత్తులు చేస్తూ కూర్చున్నారు. నేను రెండుసార్లు లేవబోయాను. ఆవిడ ఏమీ అనలేదు, తలెత్తి చూశారంతే, మళ్లీ కూర్చున్నాను. నాలుగు పేజీల పంపకాల దస్తావేజు మధ్యాహ్న భోజనానికి ముందే, ఏకబిగిన పూర్తయింది. ఇన్నేళ్లలో ఇలా జరిగిన రోజులు నాకు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని కూడా గుర్తులేవు.

సాయంత్రం అలమారకు పరదా వేద్దామన్నారు ఆవిడ. వీధి దుమ్ము గురించి ఆవిడ అన్నది నిజమే, కానీ పరదా వేస్తే తలుపు ఉన్నట్టే. చివరకు కాగితాల అరకు మాత్రం గాజు పలక పెట్టించాలని ఇద్దరం ఒప్పుకున్నాం. కొలతలు చీటీమీద రాసి, రేపు బయలుదేరేటప్పుడు చేతికి తగిలేలా తాళంచెవుల మేకుకు గుచ్చాను.