నిన్నంతా ఏం చేశారండీ?

ఎం.టెక్‌లో నా సబ్జెక్టు ట్రాన్స్‌పోర్టేషన్. ఊరికే తిరగడానికి ఎవరూ బయల్దేరరు, ఏదో పని ఉంటేనే గడప దాటుతారు. అందుకని ముందు ఇంటిల్లిపాదీ రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవాలి. ప్రాజెక్టు కోసం విజయవాడ సింగ్‌నగర్‌లో ఇల్లిల్లూ తిరిగాను.

2019లో దేశమంతటా జరిగిన టైమ్ యూజ్ సర్వే పద్ధతినే తీసుకున్నాను. నిన్న తెల్లవారుజామున 4 నుంచి ఇవాళ 4 వరకు, అరగంటకో గడి, మొత్తం 48. మొదటి వారం ఆ గడులు నిండనే లేదు. "నిన్నంతా ఏం చేశారండీ?" అంటే "ఏముందమ్మా, ఇంట్లోనే ఉన్నా" అనేవారు. మా అమ్మ కూడా ఇదే మాట అంటుంది. తర్వాత "పంపు ఎన్నింటికొచ్చింది?" అని మొదలుపెట్టాను. ఇక నీళ్లు పట్టడం, క్యారేజీలు కట్టడం, పిల్లకి జడలు, అత్తగారికి మాత్రలు, అన్నీ వరసగా వచ్చేవి. ఆ 2019 సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 97. ఆ 299 నిమిషాలు నా గడుల్లోకి రావడానికి పంపు గురించి అడగాల్సి వచ్చింది.

అసలు టెన్షన్ మోడల్ దగ్గర. నడకా, ఆటోనా, బస్సా, బండా అన్నది లాజిట్ పద్ధతిలో, అంటే వీటిలో మనిషి దేన్ని ఎంచుకునే అవకాశం ఎంత అని, లెక్కగడతాం. ఆ సిద్ధాంతానికే డేనియల్ మెక్‌ఫాడెన్‌కి 2000లో నోబెల్ వచ్చింది. నా లెక్కలో మాత్రం బండి ఉన్న ఇళ్లలోనూ ఆడవాళ్లు నడుస్తూనే ఉన్నారు. ఫారాల్లోని వివరాలు ఎక్కించడంలో తప్పు జరిగిందేమోనని మూడు రోజులు అవన్నీ తిరగేశాను. తప్పేమీ లేదు. పొద్దున 8 గంటలకే భర్త బండి తీసుకెళ్లిపోతున్నాడు. నేను ఒక్కొక్కరినీ విడిగా లెక్కపెట్టాను, బండి మాత్రం ఇంటిది. మనిషి ఎక్కడ, ఎంతసేపు ఉండాలో తోటివాళ్ల వేళలు, వాడుకునే వస్తువులు కూడా నిర్ణయిస్తాయని స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త హేగర్‌స్ట్రాండ్ 1970లోనే రాశారు.

భర్త డ్యూటీ, బడి విడిచే వేళ ముందుగా పెట్టి, ఆ గంటలో బండి ఇంట్లో ఉందా అన్నది చేర్చాక మోడల్ కుదిరింది.

చివరి వారం ఫారంలో ఒక ప్రశ్న కలిపాను: వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన చోటు ఉందా? ఒకామె బీసెంట్ రోడ్డులో బట్టల షాపు పని గురించి చెప్పింది. బడి విడిచేది మూడున్నరకి, షాపు వదిలేది రాత్రి ఎనిమిదికి. ఆమె 48 గడుల్లో ఆ ప్రయాణం ఎక్కడా లేదు. నా మోడల్‌లోనూ దానికి చోటు దొరకలేదు. థీసిస్ చివర అనుబంధంలో ఆ జవాబులన్నీ రాసి ఇచ్చాను.